ఆసక్తి గల వ్యక్తులు

నన్ను ఉద్యోగంలోంచి తీసేయడానికి కారణం ఒకే ఒక్క వాక్యం. "మీ ఇల్లు తీసేయాలని అనుకుంటున్నారు." అంతే. అందులో అచ్చుతప్పు లేదు, అబద్ధం లేదు. ఉందని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు కూడా. అయినా తీసేశారు. ఆ కథే చెబుతాను. ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలకు పనికొస్తుందనుకుంటున్నాను. పనికిరాకపోయినా నాకు చెప్పాలని ఉంది.

మీరిప్పుడు దీన్ని కంటెంట్ డిజైన్ అంటున్నారు. మా అన్నయ్య కూతురు చెబితే తెలిసింది, నేను చేసిన పనికి అంత పేరుందని. మా రోజుల్లో జీతం కాగితం మీద "డేటా ఎంట్రీ, తెలుగు" అని ఉండేది. ఆఫీసులో అయితే "ఆ తెలుగావిడ" అనేవారు. మరి మిగతావాళ్లంతా ఎవరో నాకు తెలీదు.

మాది గోదావరి జిల్లా నుంచి విశాఖకు వచ్చిన కుటుంబం. నాన్న ఓడరేవు ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తొంభైలలో నేను పూర్ణా మార్కెట్ దగ్గర ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, లాడ్జీల బిల్లు పుస్తకాలు, ఏది వచ్చినా దిద్దేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక సర్కారు వారు కరెంటు బిల్లు, నీటి పన్ను, జనన మరణ ధ్రువపత్రాలు అన్నీ ఒకే హాల్లో, కంప్యూటర్ల మీద జరిగేలా సేవా కేంద్రాలు తెరిచారు. వాటి తెరల మీద తెలుగు రాయడానికి మనిషి కావాలంటే ప్రెస్సు యజమాని నన్ను పంపారు. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు.

అప్పటికి కంప్యూటర్లకు తెలుగు సరిగ్గా రాదు. ఒక మెషీన్లో కొట్టిన తెలుగు ఇంకో మెషీన్లో తెరిస్తే పిచ్చి గీతలు, ఇంగ్లిషు అక్షరాల ముక్కలు కనిపించేవి. అందుకని నేను రాసిన ప్రతి మాటనూ బొమ్మగా మార్చి తెర మీద అతికించేవాళ్లం. ఆ అతికించే పని మా ప్రోగ్రామరుది. శ్రీకాకుళం వైపు రైతుల ఇంటి కుర్రాడు. ఆఫీసులో మగవాళ్లంతా, వాచ్‌మన్‌తో సహా, అతనికి బావలే. నన్ను మాత్రం అందరి ముందూ మేడమ్ అనేవాడు, టీ దగ్గర అక్కా అనేవాడు.

మొదట్లో చేసిన తమాషాలకు లెక్కలేదు. తెర మీద నొక్కే మీటకు "సమర్పించుము" అని పెట్టాం. పెద్దాయన ఒకరు దాని ముందు చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, "ఏటి బాబూ సమర్పించాల? కొబ్బరికాయ తేవాలంటే ముందే సెప్పాలి గదా" అన్నారు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. మర్నాడు దాన్ని తీసేసి "పంపండి" అని పెట్టాను. అప్పటి నుంచీ నాకొక అలవాటైంది. రోజూ కాసేపు నా గది వదిలి, హాల్లో జనం మధ్య బెంచీ మీద కూర్చుని, ఎవరు ఏ మాట దగ్గర ఆగుతున్నారో చూసేదాన్ని. ఆ అలవాటు మా ఆఫీసులో ఎవరికీ నచ్చలేదు. జీతం తీసుకుని బెంచీ మీద కూర్చుంటుందని ఒకరు పైకి రాశారు కూడా. రాసుకోనీ అనుకున్నాను.

ఆ బెంచీ మీదే ఈ కథ మొదలైంది.

హాల్లో ఒక మూల వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర ఉండేది. ప్రభుత్వ ప్రకటనలన్నీ అందులో వచ్చేవి. ఒకరోజు కరెంటు బిల్లు కట్టడానికి చేపలమ్మే ఆవిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఖాళీ గంప చంకన పెట్టుకుని తెర ముందు నిలబడింది. కాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"ఏటమ్మా ఇందులో సెప్తన్నారు? మా పేట పేరుందని కౌంటరు బాబు అన్నాడు."

లేచి వెళ్లి చూశాను. భూముల విభాగం వారు నేరుగా ఎక్కించిన నోటీసు అది, కాగితాన్ని స్కాన్ చేసి పెట్టేశారు. నా దగ్గరికి రాలేదు. మసకమసకగా ఉంది. పైకి చదివాను.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, దిగువ ఉదహరించిన సర్వే నంబర్లలోని భూములు మరియు తత్సంబంధిత నిర్మాణములు ప్రజా ప్రయోజనార్థము సేకరించుటకు ప్రతిపాదించబడినందున, ఆసక్తి గల వ్యక్తులు తమ అభ్యంతరములను గడువులోగా దాఖలు పరచవలెను."

ఆవిడ శ్రద్ధగా విన్నది. తర్వాత అడిగింది.

"ఆసక్తి గలోళ్లంటే, కావాలన్నోళ్లే గదా?"

నేను జవాబు చెప్పేలోపే తనే అంది. "అయితే మాకొద్దులెమ్మా. మాకు ఆసక్తి లేదు. ఉన్న ఇల్లే సాలు. ఆ స్థలాలిత్తాం, ఈ లోన్లిత్తాం అని ఇప్పటికే తిప్పి తిప్పి సంపేసినారు."

గంప సర్దుకుని బయల్దేరింది. నాకు ఒక్క క్షణం ఏం జరుగుతోందో అర్థం కాలేదు. తర్వాత తట్టింది. తన ఇల్లు తీసుకుంటామని ప్రభుత్వం చెబితే, నాకు ఆసక్తి లేదని ఆవిడ వెళ్లిపోతోంది. గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"ఆగమ్మా. వాళ్లు స్థలాలివ్వడం కాదు. మీ ఇళ్లు తీసుకుంటామంటున్నారు."

"ఎవులు?"

"గవర్నమెంటు. లారీలకు కొత్త రోడ్డు వేస్తారట. మీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పాలి. గడువు దాటితే వినరు."

ఆవిడ ముఖంలో రంగు మారింది. కానీ అరవలేదు, ఏడవలేదు. నన్ను వెంటబెట్టుకుని మళ్లీ తెర దగ్గరికి నడిచింది.

"మరి నువ్వు సదివినదాంట్లో ఇల్లన్న మాటెక్కడుంది? సూపించు."

చూశాను. లేదు. నిర్మాణములు ఉంది, ప్రయోజనార్థము ఉంది, ఇల్లు లేదు. రోడ్డు అన్న మాట కూడా ఎక్కడో అడుగున ఇంగ్లిషులో ఉంది.

"లేదమ్మా," అన్నాను.

"ఇంకేటి మరి," అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నమే భూముల విభాగం అధికారి గదికి వెళ్లాను. ఆయన్ను దుర్మార్గుడిగా చూపించే ఉద్దేశం నాకు లేదు. మంచి తెలుగంటే ప్రాణమిచ్చే మనిషి. ఫైళ్ల మధ్య పద్యాలు చదివేవారు. ళ, ల తేడా తెలిసినదాన్నని ఆ భవనంలో నన్ను కూర్చోమనే అధికారి ఆయనొక్కరే. ఆ రోజూ కూర్చోమన్నారు.

"సార్, ఆ నోటీసులో ఆసక్తి గల వ్యక్తులు అన్న మాట మార్చాలండి. ఆసక్తి అంటే మోజు, కోరిక అనుకుంటున్నారు జనం. ఆ భూమిలో హక్కో సంబంధమో ఉన్నవాళ్లు అని దాని అర్థం కదా."

"చట్టంలో ఇంటరెస్టెడ్ అని ఉందమ్మా. దానికి ఆసక్తి కాక మరేమంటారు?"

"బ్యాంకులో ఇంటరెస్ట్ అంటే వడ్డీ అంటాం కదండీ. ఆసక్తి అనం కదా."

ఆయన నవ్వారు. నిజంగానే నవ్వారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మెల్లగా అన్నారు.

"మీరు కొత్తవారు కాదు, మీతో దాపరికమెందుకు. అది అందరికీ అర్థమైతే అందరూ వస్తారమ్మా. అందరూ వస్తే విచారణ సాగుతుంది. విచారణ సాగితే రోడ్డు సాగదు. పైనుంచి రోజూ ఫోన్లు. చట్టం ప్రకటించమంది, ప్రకటించాం. అర్థం చేయించమని చట్టంలో లేదు."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు, కుట్రగా అనలేదు. బాగా అలసిపోయిన మనిషి అన్నట్టు అన్నారు. నా కోపం దానికే. అరిచి ఉంటే బహుశా ఊరుకునేదాన్నేమో.

"కనీసం ఆ స్కాన్ కాపీ మసగ్గా ఉందండి. అక్షరాలు కనబడటం లేదు," అన్నాను.

"అది నిజమే. తీసేసి, తెలుగులో శుభ్రంగా పెట్టండి," అన్నారాయన, ఇంకో ఫైలు తీస్తూ.

నాకు కావలసింది దొరికింది. తెలుగులో శుభ్రంగా పెట్టమన్నారు. పెడతాను.

రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. సర్వే నంబర్లు చెబితే ఎవరికి తెలుస్తుంది, ఏ ఇల్లో? ఆదివారం ప్రోగ్రామరును బతిమాలి, అతని స్కూటరు మీద ఆ పేటకు వెళ్లాను. కొండ కింద, సముద్రానికీ రైలు పట్టాలకూ మధ్య ఇరుక్కున్న పేట. పేరు చెప్పను, ఇప్పటికీ అక్కడ మనుషులున్నారు. చేపలావిడ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పెద్ద కూతుర్ని యారాడ ఇచ్చానని, అల్లుడు మంచోడేగానీ ఒట్టి మొండోడని చెప్పింది. ఆ తర్వాత నోటీసుతో వచ్చిన పటం పట్టుకుని పేటంతా తిరిగాం. పటంలో ఒక సర్వే నంబరు ఉన్నచోట ఆవిడ "ఇది ఐసు ఫ్యాక్టరీ ఎనకాల ఈధి" అనేది. ఇంకో నంబరు దిబ్బ మీది వరసలు. మరోటి వలలు ఆరేసే మైదానం పక్క ఇళ్లు. అవే రాసుకున్నాను.

చుట్టూ ఆడవాళ్లు మూగారు. నేను రాసిన ముసాయిదా చదివి వినిపించాను. "మీ ఇళ్లను తొలగించే ప్రతిపాదన ఉంది" అనగానే చేపలావిడ చెయ్యెత్తింది.

"ప్రతిపాదనంటే ఏటి? తీసేత్తారా, తియ్యరా?"

"ఇంకా తేలలేదమ్మా. తీసేయాలని అనుకుంటున్నారు."

"ఆ ముక్కే రాయి. అనుకుంటన్నారని రాయి. అనుకుంటే మనం కాదనొచ్చు గదా."

వెనకనుంచి ఒక ముసలమ్మ, "ఎవుడు అనుకుంటన్నాడో ఆడి పేరు కూడా ఎయ్యమ్మా, మేం ఎల్లి అడుగుతాం" అంది. అందరూ నవ్వారు. పేర్లు వేయడం కుదరదని చెప్పాను. "అదొక్కటీ తెలుగులో రాదా ఏటి" అని ఆవిడ నన్ను వదల్లేదు.

తిరిగొచ్చి రాసింది ఇది. "మీ ఇల్లు తీసేయాలని అనుకుంటున్నారు. లారీల రోడ్డు కోసం ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి, దిబ్బ మీది వరసలు, వలల మైదానం పక్క ఇళ్లు తీసేయాలని ప్రభుత్వం అనుకుంటోంది. ఇంకా నిర్ణయం కాలేదు. మీకిష్టం లేకపోతే గడువులోగా వచ్చి చెప్పండి. రాయడం రాకపోతే కౌంటరులో రాసిపెడతారు." ఆ చివరి మాట కోసం కౌంటరు వాళ్లను ముందే ఒప్పించాను. దీని కింద అసలు నోటీసును, ఒక్క అక్షరం మార్చకుండా, ఆ ఆసక్తితో సహా, పెద్ద అక్షరాల్లో పెట్టాను.

ప్రోగ్రామరు రెండుసార్లు చదివాడు.

"అక్కా, ఉద్యోగం పోద్ది."

"నీదా, నాదా?"

"ఇద్దరిదీను. నాకు సంబంధాలు సూత్తన్నారు. ఉద్యోగం లేనోడికి పిల్లనెవులిత్తారు సెప్పు?"

"అయితే వద్దులే. నువ్వు టీకి వెళ్లు. ఎక్కడ నొక్కాలో చూపించి వెళ్లు, నేనే నొక్కుతాను."

అతను వెళ్లలేదు. కీబోర్డు ముందు కూర్చుని నా వైపు చూడకుండా ఏదేదో చేశాడు. చాలాసేపు పట్టింది. మామూలుగా అంతసేపు పట్టదు. ఏం చేస్తున్నావని అడిగితే, "నువ్వు నీ తెలుగు రాసుకున్నావు గదా, నన్ను నా పని సేసుకోనీ" అన్నాడు. చివర్లో మౌసు నా చేతికిచ్చాడు. నేనే నొక్కాను.

మొదటి రోజు ఏమీ జరగలేదు. రెండో రోజు ఇద్దరు ముగ్గురు వచ్చి తెర చూసి, ఒకరికొకరు చదివి వినిపించుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాతి రోజు నేను ఆఫీసుకొచ్చేసరికి మెట్లమీద దాకా జనం ఉన్నారు. సగం మంది మార్కెట్టు నుంచి తిన్నగా గంపలతోనే వచ్చారు. ఏసీ హాలంతా చేపల వాసన. కరెంటు బిల్లు కట్టడానికొచ్చిన సీతమ్మధార కాలనీ పెద్దమనుషులు జేబురుమాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని నన్ను చూస్తున్నారు, వాసన నేనే తెచ్చినట్టు. కౌంటర్లలో కుర్ర ఉద్యోగులు తలెత్తకుండా అర్జీలు రాస్తున్నారు.

అధికారి హాల్లోకే వచ్చారు. నన్ను ఆయన గదికి పిలిపించి ఉండవచ్చు. పిలిపించలేదు. తెర ముందు నిలబడి, నేను రాసింది మొదటినుంచి చివరిదాకా చదివారు.

"దీన్ని తీసేయండి," అన్నారు.

"ఎందుకండీ?"

"ప్రభుత్వ నోటీసు మీద మీ సొంత మాటలు రాయడానికి మీకెవరిచ్చారు అధికారం?"

"మీరేనండి. తెలుగులో శుభ్రంగా పెట్టమన్నారు. పెట్టాను."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తెలుగంటే ఇదా?"

"ఇందులో అబద్ధం ఒక్కటి చూపించండి సార్, ఇప్పుడే తీసేస్తాను. పోనీ తప్పు చూపించండి. మీకంటే బాగా దిద్దేవాళ్లు ఈ బిల్డింగులో లేరు."

ఆయన మళ్లీ చదివారు. ఆ రెండోసారి చదవడం నేను మరిచిపోలేను. వేలు అక్షరాల మీద పెట్టి, మాట మాటా చదివారు. తప్పు కోసమే చదివారు. దొరకలేదు. దాంతో ఆయనకు ఇంకా కోపం వచ్చింది.

"రేపు దీన్ని పట్టుకుని ఎవరైనా కోర్టుకు వెళితే ఎవరిది బాధ్యత?"

"ఆ కింది దాన్ని చదివి, కోర్టుకు కాదు కదా, ఈ హాలుకు కూడా రాలేకపోతే అదెవరి బాధ్యతండి?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా ఇంట్లో నేను మా నాన్నతో కూడా ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

ఆయన నన్ను వదిలేసి ప్రోగ్రామరు వైపు తిరిగారు. "ఆ పై భాగం తీసెయ్."

మా వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మహా వినయంగా అన్నాడు.

"తీయలేను సార్. అదంతా ఒకటే బొమ్మ సార్. పైది తీత్తే కిందది కూడా పోద్ది."

"పోతే మళ్లీ పెట్టు."

"పెడతాను సార్. ఈలోపల నోటీసు తెర మీద లేనట్టే గదా సార్. గడువంతా తీయకుండా ఉంచాలని మీ కాగితంలోనే ఉంది. మజ్జిలో తీసేసినారని ఎవులైనా అంటే, మొత్తం మళ్లీ మొదటికే ఒత్తాది. నాకెందుకు సార్, రాసిచ్చేయండి, ఇప్పుడే తీసేత్తాను."

ఆ ముక్క నాకూ అప్పుడే తెలిసింది. ఆ రోజు అంతసేపు అతను చేసింది అదన్నమాట. మామూలుగా వేర్వేరు బొమ్మలుగా పెట్టేవాటిని రెంటినీ కలిపి ఒకటిగా కుట్టేశాడు. పిల్లనివ్వరని భయపడ్డ మనిషి!

అధికారి ఏమీ రాసివ్వలేదు. వెళ్లిపోబోతుంటే చేపలావిడ ఎదురొచ్చి దండం పెట్టింది. అందులో వెటకారం లేదు.

"బాబూ, నువ్వు మంచోడివే. రోడ్డు ఒద్దని మేమనలేదు. ఒకమాట అడగండంటన్నాం. అడక్కుండా ఎల్లిపోమంటే ఎలిపోతామేటి?"

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు. కానీ తెర మీది బొమ్మ అలాగే ఉండిపోయింది. గడువు ముగిసే దాకా రోజూ పొద్దున్నే వచ్చి ఉందో లేదో చూసుకున్నాను.

విచారణ ఒక స్కూలు ఆవరణలో షామియానా కింద జరిగింది. జిల్లాలో పెద్ద అధికారి వచ్చారు. నన్నెవరూ పిలవలేదు, అయినా సెలవు పెట్టి వెళ్లి వెనక నిలబడ్డాను. పేట మొత్తం వచ్చింది. అందరూ ఒకేసారి మాట్లాడారు, ఎవరి మాటా వినబడలేదు, ఒక కుర్చీ కూడా విరిగింది. చివరికి పెద్ద అధికారి విసిగిపోయి, ఎవరో ఒకరు చెప్పండన్నారు. చేపలావిడ లేచింది. దిబ్బ కింద రైల్వే వాళ్లు వదిలేసిన ఖాళీ జాగా ఉందని, రోడ్డు అటు తిప్పితే దిబ్బ మీది ఇళ్లు మిగుల్తాయని చెప్పింది. ఆవిడ మాటతోనే అంతా అయిపోలేదు. ఇంజనీర్లు కుదరదన్నారు, మళ్లీ కొలిచారు, వాదించుకున్నారు. నెలలు గడిచాయి.

చివరికి రోడ్డు వంపు తిరిగింది. దిబ్బ మీది వరసలు, మైదానం పక్క ఇళ్లు మిగిలాయి. ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి పోయింది. ఆ వీధి వాళ్లకు కొండకు అవతల పక్క స్థలాలిచ్చారు, సముద్రానికి దూరంగా. గెలిచామని నేను ఎప్పుడూ అనను. పేరు వేయమన్న ముసలమ్మ ఇల్లు ఆ వీధిలోదే. కానీ ఆ వీధి వాళ్లు కూడా ఆ స్థలాల కోసం పోట్లాడి తెచ్చుకున్నారు. ఎవరూ ఆసక్తి లేదని ఇంటికెళ్లి, ఒక పొద్దున లేచి గుమ్మం ముందు యంత్రాన్ని చూడలేదు. అంతవరకు నేను చేశాను. అది తక్కువ పనని నాతో ఎవరూ అనవద్దు.

ఇక నా సంగతి. సంజాయిషీ అడిగారు. "తెలుగులో పెట్టమన్నారు, పెట్టాను" అని ఒక్క వాక్యం రాసిచ్చాను. క్షమాపణ కోరుతూ రెండు ముక్కలు చేర్చితే సరిపోతుందని ఆఫీసులో అందరూ చెప్పారు. చేర్చలేదు. ఏడాది చివర కాంట్రాక్టు పొడిగించలేదు. ప్రోగ్రామరును ఏమీ అనలేదు, అతను లేకపోతే కంప్యూటర్లు ఆగిపోతాయి. అతని పెళ్లి కూడా అయింది. పెళ్లిలో నన్ను అందరికీ చూపిస్తూ, "మా ఉద్యోగాలు తీయించేసేదే ఈ అక్క" అని పరిచయం చేశాడు.

నేను మళ్లీ ప్రెస్సుకు వెళ్లాను. శుభలేఖలు దిద్దుకుంటూ, లోపల మండుతూ ఉండేదాన్ని. బాధ కాదు, మంట. చేసింది ఒప్పని తెలిసి శిక్ష పడితే బాధ తక్కువ, మంట ఎక్కువ. ఆ మంటను ఇప్పటికీ ఆర్పుకోలేదు, ఆర్పుకునే ఉద్దేశమూ లేదు.

కొన్నాళ్లకు ఆ అధికారే ఫోన్ చేశారు. ఏదో పైపులైను కోసం ఇంకో నోటీసు ఇచ్చారట. విచారణకు ఒక్కరూ రాలేదట. పనులు మొదలుపెట్టాక ఊరంతా వచ్చి యంత్రాల ముందు పడుకున్నారట. మాకెవరు చెప్పారని అడుగుతుంటే పైవాళ్లు ఆయన్ను తలంటారట.

"మీరు మళ్లీ రావాలమ్మా," అన్నారు.

"వస్తానండి. ప్రతి నోటీసు పైనా అర్థమయ్యే తెలుగు నేను రాస్తానని, దాన్ని ఎవరూ తీయరని కాగితం మీద ఇవ్వండి."

"కాగితం మీద ఎలా ఇస్తామమ్మా అలాంటివి?"

"అయితే ఉంటానండి," అని పెట్టేశాను. పెట్టేశాక చెయ్యి చాలాసేపు ఫోను మీదే ఉంది. ఇంట్లో జీతం అవసరం లేని రోజులు కావు అవి. కానీ ఎత్తలేదు.

వారం పది రోజులు పోయాక కవరు వచ్చింది. విప్పి చదివాను. "ఇందుమూలముగా సదరు తెలుగు సిబ్బందిని పూర్వపు షరతులకు లోబడి, ప్రజావగాహనార్థము సంక్షిప్త వివరణలను పొందుపరచు నిమిత్తము పునర్నియమించుటకు ఉత్తర్వులు జారీ చేయడమైనది." సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి.

ఇంకొకరైతే అదే పదివేలనుకుని వెళ్లి చేరేవారు. నేను దాన్ని మడిచి, మళ్లీ కవర్లో పెట్టి, ఒక చీటీ రాసి జత చేశాను. "అయ్యా, ఇది నాకు అర్థం కాలేదు. తెలుగులో రాసి పంపగలరు."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత వచ్చిన కాగితం మీద టైపు లేదు. ఆయన చేతిరాత. ఆ గుండ్రటి అందమైన అక్షరాలు ఆ భవనంలో ఇంకెవరికీ లేవు.

"అమ్మా, సోమవారం నుంచి పనిలోకి రండి. జనానికి అర్థమయ్యేలా మీరే రాయండి. మీరు రాసింది ఎవరూ తీయరు."

కింద సంతకం, దాని పక్కన ముద్ర. రెండుసార్లు చదివాను, వేలు పెట్టి, మాట మాటా. తప్పు దొరకలేదు. సోమవారం వెళ్లి చేరాను.